బీబీసీ మైక్రోకు పీసీ ఫ్లాపీ డ్రైవ్: రిబ్బన్ మెలిక నుంచి ఫార్మాట్ దాకా

1981 డిసెంబరులో కేంబ్రిడ్జి కంపెనీ ఏకార్న్ తెచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇప్పటికీ చాలా పనిచేస్తున్నాయి. మన దేశంలోనూ 1984లో మొదలైన క్లాస్ అనే బడి కంప్యూటర్ చదువు పథకం ద్వారా ఇవి బడుల్లోకి వచ్చాయి. యంత్రం బాగానే ఉంటుంది, దానితో వచ్చిన 5.25 అంగుళాల డ్రైవ్‌తోనే తంటా: హెడ్డు (డిస్కు మీద చదివే, రాసే భాగం) అరిగిపోవడం, గ్రీజు గట్టిపడటం, బెల్టు సాగిపోవడం. అలాంటి డ్రైవ్ మంచిది దొరకాలంటే ధర ఎక్కువ. పాత పీసీల్లోని 3.5 అంగుళాల 1.44 మెగాబైట్ డ్రైవ్ మాత్రం పాత సామాన్ల దుకాణంలో చవగ్గా దొరుకుతుంది. దాన్ని బీబీసీకి ఎలా కలపాలో ఇక్కడ వివరంగా ఉంది.

ముందు ఒక మాట అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలిక. ఫ్లాపీ డ్రైవ్‌కు తాను ఏ కంప్యూటర్‌కు తగిలి ఉందో తెలియదు. మోటారు తిప్పమంటే తిప్పుతుంది, హెడ్డును ఒక ట్రాక్ (డిస్కు మీది గుండ్రటి గీత) జరపమంటే జరుపుతుంది, అయస్కాంతపు మార్పులు కనబడితే పల్సులుగా పంపుతుంది. ఆ పల్సులకు అర్థం చెప్పేది కంట్రోలర్ చిప్పే. బీబీసీ మోడల్ బీలో అది ఇంటెల్ 8271. ఇది సింగిల్ డెన్సిటీలో, అంటే ఎఫ్ఎం పద్ధతిలో మాత్రమే రాస్తుంది. ఆ పాత పద్ధతి పీసీ డ్రైవ్‌కు సరిపడుతుందా అని చాలామందికి అనుమానం. సరిపడుతుంది. ఎఫ్ఎంలో పల్సుల మధ్య దూరం 4 లేదా 8 మైక్రోసెకన్లు. పీసీ 720 కిలోబైట్ల ఫ్లాపీలో 4, 6, 8 మైక్రోసెకన్లు. డ్రైవ్‌కు ఇందులో కొత్తేమీ లేదు. తేడాలన్నీ కేబుల్‌లోనూ, ఫ్లాపీ మూలనున్న ఒక రంధ్రంలోనూ ఉన్నాయి.

ఏ డ్రైవ్ తీసుకోవాలి

34 పిన్నుల రిబ్బన్ సాకెట్, పక్కన నాలుగు పిన్నుల చిన్న పవర్ సాకెట్ విడివిడిగా ఉన్న డెస్క్‌టాప్ డ్రైవ్ కావాలి. సోనీ ఎంపీఎఫ్920, టియాక్ ఎఫ్‌డీ-235హెచ్ఎఫ్, శాంసంగ్ ఎస్ఎఫ్‌డీ-321బీ, మిత్సుమి డీ359 ఈ కోవలోవే.

యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ కొనకండి. దాని లోపలి చిప్పు పీసీ ఫార్మాట్లు తప్ప మరేదీ ఒప్పుకోదు, బీబీసీకి తగిలించే దారీ లేదు. ల్యాప్‌టాప్ పల్చటి డ్రైవ్‌లకు 26 గీతల పట్టీ కేబుల్ ఉంటుంది, అడాప్టర్ లేకుండా కుదరదు. విడిగా పవర్ సాకెట్ లేని డ్రైవ్‌లు కూడా వద్దు: ఐబీఎం పీఎస్/2 రకాల్లో కరెంటు రిబ్బన్‌లోనే వస్తుంది. బీబీసీ రిబ్బన్‌లో కరెంటు ఉండదు.

డ్రైవ్ చేతికి రాగానే పై రేకు తీసి చూడండి. హెడ్డును జరిపే మర ఉన్న కడ్డీ మీద పాత గ్రీజు మైనంలా గట్టిపడి ఉంటే దూదిపుల్లతో తుడిచి, అగ్గిపుల్ల తలంత కొత్త తెల్ల లిథియం గ్రీజు రాయండి. హెడ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో మెల్లగా తుడవండి. పై హెడ్డును వేలితో ఎత్తొద్దు. దాన్ని పట్టి ఉంచే పల్చటి స్ప్రింగు రేకు ఒక్కసారి వంగితే ఆ డ్రైవ్ రెండో వైపు ఇక చదవదు.

మిగతా సామాను

34 తీగల పట్టీ రిబ్బన్ అర మీటరు, దాని మీద నొక్కే 34 రంధ్రాల ఐడీసీ కనెక్టర్లు రెండు (రెండు డ్రైవ్‌లు పెట్టేట్టయితే మూడు), నాలుగు పిన్నుల చిన్న ఫ్లాపీ పవర్ ప్లగ్గు, మల్టీమీటర్, చిన్న బెంచి వైస్. కనెక్టర్లను కటింగ్ ప్లయర్‌తో నొక్కితే ఒక పక్క దిగి ఇంకో పక్క దిగదు. వైస్‌లో పెట్టి సమంగా బిగించడమే మేలు. పాత పీసీ కేబుల్ వాడుకోవచ్చు గానీ ఒకటి చూసుకోండి: కొన్నిట్లో ఒక రంధ్రం పూడ్చి ఉంటుంది. బీబీసీ సాకెట్‌లో అన్ని పిన్నులూ ఉంటాయి కనుక అది దిగదు.

యంత్రం వైపు తనిఖీ

బీబీసీ ఆన్ చేసినప్పుడు తెరమీద ఏకార్న్ డీఎఫ్ఎస్ (డిస్కు మీది ఫైళ్లను నడిపే ప్రోగ్రాము) అనో మరో కంపెనీ డీఎఫ్ఎస్ పేరో కనబడాలి. కనబడకపోతే ఆ యంత్రంలో డిస్క్ ఇంటర్‌ఫేస్ లేదన్నమాట, లేదా ఆ ప్రోగ్రాము ఉండే రోమ్ చిప్పు సాకెట్‌లో సరిగ్గా కూర్చోలేదు. మోడల్ బీ చాలా వరకు డిస్క్ ఇంటర్‌ఫేస్ లేకుండానే అమ్ముడైంది. అలాంటి యంత్రానికి ముందు 8271 గానీ, 1770 అనే మరో కంట్రోలర్ చిప్పున్న చిన్న బోర్డు గానీ, దాని డీఎఫ్ఎస్ రోమ్‌తో పాటు బిగించాలి. బీ ప్లస్, మాస్టర్ 128 నమూనాల్లో 1770 కంట్రోలరే ఉంటుంది.

డ్రైవ్ సంగతి తర్వాత, ముందు పవర్ సప్లై చూడండి. ఇందులో మెయిన్స్ వైపు ఉండే రెండు ఫిల్టర్ కెపాసిటర్లు, 0.1, 0.01 మైక్రోఫారడ్‌వి, వయసు మీదపడి పైతొడుగు పగిలి ఉంటాయి. తేమ లోపలికి చేరి ఒకరోజు ఢామ్మని పేలి గదంతా పొగ నింపుతాయి. యంత్రం చావదు గానీ భయపెడుతుంది. పగుళ్లు కనబడితే ఎక్స్2 తరగతి కొత్తవి వేయించండి. మూత తీసేముందు ప్లగ్గు పీకి కాసేపు వదిలేయాలి, లోపలి పెద్ద కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత వోల్టేజి నిలిచి ఉంటుంది. అలవాటు లేనివారు ఈ పని తెలిసినవాళ్లకు ఇవ్వాలి.

కరెంటు

యంత్రం అడుగున డ్రైవ్‌ల కోసమే ఒక పవర్ సాకెట్ ఉంది. అది 5 వోల్టుల మీద 1.25 ఆంపియర్లు, 12 వోల్టుల మీద 1.25 ఆంపియర్లు ఇస్తుంది. మైనస్ 5 వోల్టులు కూడా అందులో ఉంది, దాన్ని ముట్టుకోకండి. కొత్త 3.5 అంగుళాల డ్రైవ్‌లలో ఎక్కువ భాగం 5 వోల్టులతోనే నడుస్తాయి, 12 పిన్ను ఉన్నా లోపల దేనికీ తగలదు. కాబట్టి రెండు డ్రైవ్‌లకూ ఈ సాకెట్ చాలు. తొలినాళ్ల యంత్రాల్లో లీనియర్ సప్లై ఉంటుంది. దాని మీద డ్రైవ్ భారం మోపకుండా విడి సప్లై వాడి, రెండింటి సున్నా వోల్టు తీగల్నీ కలపండి.

ఇక్కడ జరిగే తప్పు ఒక్కటే, జరిగితే డ్రైవ్ పోయినట్టే. ఫ్లాపీ చిన్న ప్లగ్గులో 1వ పిన్ను 5 వోల్టులు, 2, 3 సున్నా, 4 పన్నెండు వోల్టులు. పెద్ద మోలెక్స్ ప్లగ్గులో వరస తిరగబడుతుంది: 1 పన్నెండు, 4 ఐదు. ఎర్ర తీగ 5, పసుపు 12, నలుపు సున్నా అన్న రంగుల లెక్క నమ్మదగ్గదే కానీ సొంతంగా కట్టిన కేబుల్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. డ్రైవ్ తగిలించకముందే యంత్రం ఆన్ చేసి ప్లగ్గు రంధ్రాల్లో మల్టీమీటర్ పెట్టి చూడండి. 12 వోల్టుల తీగ అసలు కట్టకపోతే తప్పే జరగదు. డ్రైవ్ అడుగు లేబుల్ మీద 5 వోల్టులే రాసి ఉంటే అలాగే చేయండి.

అసలు సంగతి: మెలిక

బీబీసీ అడుగున పీఎల్8 అనే 34 పిన్నుల సాకెట్ నుంచి వచ్చే తీగల్లో బేసి సంఖ్యలన్నీ సున్నా వోల్టు. సరి సంఖ్యల్లో ఈ చర్చకు కావలసినవి మూడు:

- 10: మొదటి డ్రైవ్ ఎంపిక, అంటే డ్రైవ్ 0
- 12: రెండో డ్రైవ్ ఎంపిక, అంటే డ్రైవ్ 1
- 16: మోటారు, రెండు డ్రైవ్‌లకూ ఒకటే

పీసీ డ్రైవ్‌లన్నీ ఫ్యాక్టరీలోనే రెండో డ్రైవ్‌గా, అంటే 12వ పిన్నుకు పలికేట్టు అమర్చి వస్తాయి. ఒక పీసీలో రెండు డ్రైవ్‌లున్నా రెండింటికీ అదే అమరిక. పీసీ కేబుల్ చివర 10 నుంచి 16 దాకా ఏడు తీగలు మెలితిరిగి ఉండటం ఈ గందరగోళాన్ని సర్దడానికే. పీసీలో ఆ తీగల మీద ఏ డ్రైవ్‌కు ఆ మోటారు వేరుగా ఉంటుంది కనుక అది కుదురుతుంది.

బీబీసీకి అదే కేబుల్ తగిలించి, మెలిక తర్వాతి చివరి కనెక్టర్‌ను డ్రైవ్‌కు పెడితే ఏం జరుగుతుంది? డ్రైవ్ 12వ పిన్ను బీబీసీ 14వ పిన్నుకు చేరుతుంది. అక్కడ ఏ సంకేతమూ రాదు. డ్రైవ్ మోటారు పిన్ను బీబీసీ 10కి చేరుతుంది. డ్రైవ్ 0 పిలిచినప్పుడల్లా మోటారు తిరుగుతుంది, లైటు మాత్రం వెలగదు, ఏమీ చదవదు. మోటారు తిరుగుతుంది కాబట్టి కేబుల్ బాగుంది, డ్రైవే పాడైందనుకుని మంచి డ్రైవ్‌లను పారేస్తారు. లోపం ఆ మెలికదే.

దీనికి మూడు మార్గాలున్నాయి.

ఒకటి, ఏమీ కోయకుండా పరీక్షించడానికి: పీసీ కేబుల్‌లో మెలికకు ముందున్న నడిమి కనెక్టర్ వాడండి. తీగలు అక్కడిదాకా తిన్నగానే ఉంటాయి. డ్రైవ్ 12కు పలుకుతుంది కాబట్టి బీబీసీకి అది డ్రైవ్ 1. స్టార్ గుర్తు, ఆ వెంటనే డ్రైవ్ అనే ఆదేశం, ఖాళీ వదిలి 1 కొడితే దానికి మారుతుంది.

రెండు, డ్రైవ్ మీదే మార్చడం: కొన్నిటి అడుగు బోర్డు మీద డీఎస్0, డీఎస్1 అని రాసిన సోల్డర్ చుక్కలో, చిన్న జంపరో ఉంటాయి. శాంసంగ్ ఎస్ఎఫ్‌డీ-321బీలో సోల్డర్ చుక్కలున్నాయి. డీఎస్1 తెరిచి డీఎస్0 కలిపితే తిన్నని కేబుల్‌తో డ్రైవ్ 0 అవుతుంది. ఒకే డ్రైవ్ ఉన్నప్పుడు ఇది శుభ్రమైన పద్ధతి.

మూడు, కొత్త మెలిక కట్టడం. రెండు పీసీ డ్రైవ్‌లు వాడేవారికి ఇదే ఉత్తమం, డ్రైవ్‌లను ముట్టుకోనక్కర్లేదు:

1. రిబ్బన్‌లో ఎర్ర గీత ఉన్న అంచు 1వ తీగ. అక్కడి నుంచి లెక్కపెట్టి 9, 10 మధ్య, 12, 13 మధ్య బ్లేడుతో సుమారు 4 సెంటీమీటర్ల పొడవున చీల్చండి. మధ్యలో 10, 11, 12 మూడు తీగల సన్నటి పట్టీ మిగులుతుంది.
2. ఆ పట్టీని అర చుట్టు తిప్పండి. 10 ఉన్నచోటికి 12, 12 ఉన్నచోటికి 10 వస్తాయి. మధ్యనున్న 11 ఎక్కడిదక్కడే ఉంటుంది, అది సున్నా వోల్టే.
3. మెలిక తర్వాత చివరి కనెక్టర్ నొక్కండి. రెండో డ్రైవ్ ఉంటే దాని కనెక్టర్‌ను మెలికకు ముందు నొక్కండి.
4. మల్టీమీటర్ శబ్దం పెట్టి చూడండి: బీబీసీ వైపు 10 చివరి కనెక్టర్ 12తో, 12 చివరి కనెక్టర్ 10తో, 16 రెంటిలోనూ 16తో పలకాలి. పక్కపక్క తీగలు ఒకదానితో ఒకటి పలకకూడదు.

ఇప్పుడు రెండూ ఫ్యాక్టరీ అమరికలోనే ఉన్న డ్రైవ్‌లలో చివరిది 0, నడిమిది 1. డీఎఫ్ఎస్ ప్రతి వైపునూ వేరే డ్రైవ్‌గా లెక్కిస్తుంది. కాబట్టి చివరి డ్రైవ్ అడుగు వైపు 0, పై వైపు 2. నడిమిది 1, 3.

34వ పిన్ను గురించి ఒక మాట. పీసీ డ్రైవ్ దాని మీద డిస్క్ మారిందన్న సంకేతం ఇస్తుంది. అమ్‌స్ట్రాడ్ సీపీసీ, కమొడోర్ అమీగా అనే పాత కంప్యూటర్లు అక్కడ రెడీ (సిద్ధంగా ఉన్నానన్న) సంకేతం ఆశిస్తాయి కాబట్టి వాటికి అదనపు పని ఉంది. బీబీసీ 34ను పట్టించుకోదు. ఈ పనికి బీబీసీ సులువైన యంత్రం కావడానికి సగం కారణం ఇదే.

మొదటిసారి ఆన్ చేయడం

డ్రైవ్‌లో ఏ ఫ్లాపీ లేకుండా ఆన్ చేయండి. లైటు వెలిగి అలాగే ఉండిపోతే, మోటారు ఆగకుండా తిరుగుతుంటే, కేబుల్ ఒక చివర తిరగబడింది. తిరగబడితే బేసి పిన్నుల సున్నా వోల్టు సంకేతాల తీగలన్నిటికీ తగులుతుంది. డ్రైవ్‌కు ఏ ఆదేశమైనా సున్నా వోల్టే: ఎంపిక, మోటారు, రాయమన్న సంకేతం కూడా. అంటే లోపల ఫ్లాపీ ఉంటే హెడ్డు ఎక్కడుందో అక్కడి ట్రాక్ చెరిగిపోతుంది. హెడ్డు ఎక్కువగా నిలిచి ఉండేది సున్నా ట్రాక్ మీద, డీఎఫ్ఎస్ ఫైళ్ల పట్టిక ఉండేదీ అక్కడే. అందుకే మొదటిసారి విలువైన ఫ్లాపీ పెట్టకూడదు. ఎలక్ట్రానిక్స్‌కు మాత్రం ఏమీ కాదు, తిప్పి పెడితే సరిపోతుంది.

లైటు ఆరి ఉంటే ఖాళీ ఫ్లాపీ పెట్టి స్టార్ గుర్తు, చుక్క కొట్టండి, ఫైళ్ల పట్టిక చూపమనే ఆదేశం అది. లైటు వెలగాలి, మోటారు తిరగాలి, హెడ్డు టకటకమని కదలాలి. ఫార్మాట్ కాని ఫ్లాపీ కనుక తప్పు సందేశం రావడం సహజం. ఫ్లాపీ లేకుండా ఇదే చేస్తే 8271 యంత్రం ఎదురుచూస్తూ నిలిచిపోతుంది. అదీ లోపం కాదు, బ్రేక్ నొక్కండి.

ఫ్లాపీల ఎంపిక

720 కిలోబైట్ల డీడీ (డబుల్ డెన్సిటీ) రకం ఫ్లాపీ కావాలి. రాతరక్షణ రంధ్రం ఒక మూల ఉంటుంది, దానికి ఎదుటి మూల ఏమీ లేకుండా మూసి ఉంటే అది డీడీ. రెండు మూలలా రంధ్రాలుంటే హెచ్‌డీ (హై డెన్సిటీ, 1.44 మెగాబైట్). డ్రైవ్ ఆ రెండో రంధ్రాన్ని చూసే రాసే కరెంటును మార్చుకుంటుంది. బీబీసీ డీడీ వేగంలోనే పంపుతుంది కాబట్టి ఇద్దరి లెక్కా తప్పుతుంది.

సోనీ 2011లో ఫ్లాపీల తయారీ ఆపేసింది, డీడీ దొరకడం అంతకంటే ముందే కష్టమైంది. హెచ్‌డీ ఫ్లాపీ రంధ్రం మూసి వాడొచ్చు. 3.5 అంగుళాల్లో రెండు రకాల అయస్కాంత పూతల మధ్య తేడా కొద్దిపాటిదే. అయినా ఏళ్లపాటు దాచుకోవాల్సిన ఫైళ్లకు దీన్ని నమ్మొద్దు. నల్ల ఇన్సులేషన్ టేపు మన ఎండకు జిగురు కారి డ్రైవ్ లోపల అంటుకుంటుంది. పల్చటి రేకు టేపు రెండు వైపులా గట్టిగా అతికించండి: చాలా డ్రైవ్‌లు ఆ రంధ్రాన్ని చిన్న మీటతో తడుముతాయి, వదులు టేపు లోపలికి కుంగితే మళ్లీ హెచ్‌డీ అనుకుంటాయి. ముందు 1.44గా ఫార్మాట్ అయిన ఫ్లాపీ అయితే రంధ్రం మూశాక మొత్తం చెరిపేయాలి. పాత గుర్తులు అడుగున మిగిలితే చదివేటప్పుడు అడ్డుపడతాయి.

కోస్తా జిల్లాల తేమలో పెట్టెల్లో ఉన్న ఫ్లాపీలకు బూజు పడుతుంది. షట్టర్ జరిపి, నడిమి చక్రం తిప్పుతూ వెలుగులో చూడండి. తెల్ల మచ్చలుంటే డ్రైవ్‌లో పెట్టవద్దు. ఒక్క బూజు ఫ్లాపీ హెడ్డును మలినం చేస్తే ఆ తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీలన్నీ గీసుకుపోతాయి.

ఫార్మాట్

1770 ఉన్న యంత్రాల డీఎఫ్ఎస్‌లో ఫార్మాట్ ఆదేశం రోమ్‌లోనే ఉంటుంది: స్టార్ గుర్తు, ఫార్మ్, 80, 0. ఖాయమేనా అని అడిగి మొదలుపెడుతుంది. రెండో వైపుకు అదే ఆదేశం చివర 2. తర్వాత వెరిఫై ఆదేశంతో ప్రతి ట్రాక్‌నూ చదివించండి. ఒక్కో వైపు 80 ట్రాక్‌లు, ట్రాక్‌కు 10 సెక్టార్లు (ముక్కలు), సెక్టార్‌కు 256 బైట్లు. మొత్తం 200 కిలోబైట్లు. ఎంత చోటున్నా పట్టికలో 31 ఫైళ్లే పడతాయి.

8271తో వచ్చిన ఏకార్న్ డీఎఫ్ఎస్‌లో ఆ ఆదేశం లేదు. ఫార్మాటర్ విడి యుటిలిటీ డిస్క్ మీద వచ్చేది, అది 5.25 అంగుళాలది. ఈ ముడి విప్పడానికి తేలిక దారి గ్రీజ్‌వీజిల్ అనే చిన్న యూఎస్‌బీ బోర్డు. ఇదే 3.5 అంగుళాల డ్రైవ్‌ను దానికి తగిలించి, పీసీలోని డిస్క్ ఇమేజిని (ఫ్లాపీలోని సమాచారమంతా ఉన్న నకలు ఫైలు, పేరు చివర ఎస్ఎస్‌డీ అని ఉంటుంది) ఏకార్న్ డీఎఫ్ఎస్ 80 ట్రాక్‌ల ఫార్మాట్ ఎంచి ఫ్లాపీ మీద రాయించండి. ఫార్మాటర్ ఉన్న ఇమేజి ఒక్కటి రాస్తే చాలు, మిగతావన్నీ బీబీసీయే ఫార్మాట్ చేసుకుంటుంది. చెరపడానికీ ఆ బోర్డే పనికొస్తుంది.

వేగం లింకులు

8271 యంత్రంలో హెడ్డు ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌కు కదిలే వేగాన్ని కీబోర్డు బోర్డు కుడి అంచున ఉన్న ఎనిమిది లింకుల్లో 3, 4 నిర్ణయిస్తాయి. రెండూ తెరిచి ఉంటే ట్రాక్‌కు 24 మిల్లీసెకన్లు. పాత బరువు డ్రైవ్‌ల కోసం పెట్టిన లెక్క అది. రెండూ కలిపితే 4 మిల్లీసెకన్లు. పీసీ డ్రైవ్‌లు 3 మిల్లీసెకన్లలో కదలగలవు కాబట్టి కలపొచ్చు. మొదటి పరీక్షలు మాత్రం నెమ్మది అమరికలోనే చేయండి, అంతా కుదిరాక మార్చండి.

తప్పు సంఖ్యలు ఏం చెబుతాయి

డిస్క్ ఫాల్ట్ అన్న మాట పక్కన వచ్చే సంఖ్యను వదిలేయకండి. 18 అంటే సెక్టార్ కనబడలేదు: ఫార్మాట్ కాని ఫ్లాపీ, లేదా డబుల్ డెన్సిటీలో రాసింది, లేదా రంధ్రం టేపు ఊడింది. 0ఈ అంటే సెక్టార్ దొరికింది గానీ సమాచారం సరిపోలేదు. ముందు హెడ్డు తుడవండి, అదే ఫ్లాపీలో అదే ట్రాక్ దగ్గర మళ్లీమళ్లీ వస్తే ఫ్లాపీదే లోపం. 14 అంటే హెడ్డు సున్నా ట్రాక్‌కు చేరినట్టు యంత్రానికి కబురు రాలేదు: గట్టిపడిన గ్రీజు, లేదా రిబ్బన్‌లో 26వ తీగ. 10 వస్తే డ్రైవ్ సిద్ధంగా లేదని. 8వ తీగ మీద ఇండెక్స్ పల్సు (చుట్టుకొకసారి వచ్చే గుర్తు) వస్తున్నదా చూడండి. 0లో అంతా బాగుండి 2లో ఏదీ చదవకపోతే 32వ తీగ తెగింది, లేదా పై హెడ్డు దెబ్బతింది.

5.25 అంగుళాల 1.2 మెగాబైట్ డ్రైవ్ దొరికితే

పాత ఫ్లాపీలు చదవాలంటే ఈ పరిమాణమే కావాలి కాబట్టి చాలామంది దీనికి ఆశపడతారు. ఇది అంత సాఫీగా సాగదు. ఈ డ్రైవ్ నిమిషానికి 360 చుట్లు తిరుగుతుంది, బీబీసీకి 300 కావాలి. వేగం పెరగడంతో పాత ఫ్లాపీ నుంచి పల్సులు వేగంగా వచ్చి కంట్రోలర్ అందుకోలేదు. ఫార్మాట్ చేయబోతే 10 సెక్టార్లు చుట్టులో పట్టవు. టియాక్ ఎఫ్‌డీ-55జీఎఫ్ఆర్ లాంటివాటిని జంపర్లతో 300కు మార్చొచ్చు, జంపర్ల వరస ఒక్కో తయారీలో ఒక్కో తీరు కనుక ఆ డ్రైవ్ మాన్యువల్ ముందుంచుకుని చేయాలి. దీనికి హెచ్‌డీ ఫ్లాపీలు అసలు వాడొద్దు. 3.5లో సరిపెట్టుకున్నట్టు ఇక్కడ కుదరదు, పూతల బలం రెట్టింపు తేడా. 40 ట్రాక్‌ల పాత ఫ్లాపీని 80 ట్రాక్‌ల డ్రైవ్‌లో రెండేసి అడుగులు వేయించి చదవండి, కానీ దాని మీద రాయకండి. సన్న హెడ్డు సన్న గీతే రాస్తుంది, పక్కన పాత గీత మిగిలే ఉంటుంది, అసలు 40 ట్రాక్‌ల డ్రైవ్ రెండింటినీ కలిపి చదివి తికమకపడుతుంది.

ఈ పాత డ్రైవ్‌నూ 3.5 అంగుళాల డ్రైవ్‌నూ ఒకే కేబుల్ మీద పెడితే, 150 ఓమ్‌ల టెర్మినేటర్ (తీగ చివర సంకేతాన్ని స్థిరపరిచే రెసిస్టర్) ఉన్న 5.25 డ్రైవ్ రిబ్బన్ చివర ఉండాలి, 3.5ది నడుమ. మూడు తీగల మెలిక అప్పుడు అవసరం ఉండదు: 5.25ను దాని జంపర్‌తో డ్రైవ్ 0 చేసి, 3.5ను ఫ్యాక్టరీ అమరికలోనే వదిలేస్తే అది తనంతట డ్రైవ్ 1 అవుతుంది. పాత ఫ్లాపీల మీది ఫైళ్లను 0 నుంచి 1కి కాపీ చేసుకుంటూ పోవచ్చు.